ఎసిటోన్ ఇచ్చి బాల్ఫోర్ ప్రకటన తెచ్చుకున్నాడా? ఖైమ్ వైజ్‌మన్ గురించి అడిగినవారికి

మీ ప్రశ్న ఇది: సివిల్స్‌కి చదువుతున్న ఒక నోట్సులో "మొదటి ప్రపంచ యుద్ధంలో ఖైమ్ వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎసిటోన్ కనిపెట్టి బ్రిటన్‌ను గట్టెక్కించాడు, అందుకు బహుమానంగా 1917లో బాల్ఫోర్ ప్రకటన ఇచ్చారు" అని ఉంది. ఇది నిజమేనా? బ్యాక్టీరియాతో ఎసిటోన్ ఎలా వస్తుంది? అసలు ఆయన ఎవరు? ఎసిటోన్‌కు ఆయనకు ఏమీ ముట్టలేదా?

బాల్ఫోర్ ప్రకటన అంటే, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడడానికి మద్దతిస్తామని బ్రిటన్ ఇచ్చిన మాట. దానికి సంబంధించిన బహుమానం కథ నిలబడదు. ఎసిటోన్ పని నిజం, బాల్ఫోర్ ప్రకటన నిజం, రెండింటిలోనూ వైజ్‌మన్ ఉన్న మాటా నిజం. అయితే ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకున్న బేరం మాత్రం జరగలేదు. ఎసిటోన్ వల్ల ఆయనకు దక్కినవి మూడు: లండన్‌లో ఉద్యోగం, మంత్రుల గదుల్లోకి ప్రవేశం, తర్వాతి కాలంలో డబ్బు. ప్రకటన వెలువడడానికి కారణాలు వేరు. అవి యుద్ధ లెక్కల్లోనూ సామ్రాజ్య ప్రయోజనాల్లోనూ ఉన్నాయి. పైగా ఆయన కనిపెట్టింది ఎసిటోన్ కాదు. అది అంతకు చాలా ముందు నుంచే ఉన్న ద్రావకం. మొక్కజొన్న పిండిని పులియబెట్టి దాన్ని పరిశ్రమ స్థాయిలో తీసే పద్ధతి ఆయనది.

ఈ కథను ఎక్కువగా వ్యాపింపజేసింది లాయిడ్ జార్జ్. 1915లో ఆయన ఆయుధ సామగ్రి మంత్రి, 1916 డిసెంబరు నుంచి ప్రధాని. 1930లలో రాసుకున్న యుద్ధ జ్ఞాపకాల్లో, వైజ్‌మన్‌కు ఏం గౌరవం కావాలని తాను అడిగితే "నాకేమీ వద్దు, నా ప్రజలకు ఏదైనా చేయండి" అన్నాడనీ, ప్రకటనకు మూలం అదేననీ రాశారు. వైజ్‌మన్ తన ఆత్మకథలో దీన్ని ఒప్పుకోలేదు. వ్యవహారం అంత సులువుగా తేలి ఉంటే బాగుండేదనీ, చరిత్ర అల్లావుద్దీన్ దీపాలతో నడవదనీ బదులిచ్చారు. కథ వల్ల పేరు వచ్చే మనిషే కాదంటున్నాడంటే ఆగి చూడాల్సిందే.

తేదీలు వరసగా పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. జియోనిజంతో, అంటే పాలస్తీనాలో యూదులకు సొంత నివాసం కావాలనే ఉద్యమంతో, లాయిడ్ జార్జ్‌కి పరిచయం ఎసిటోన్ దగ్గర మొదలవలేదు. 1903లో తూర్పు ఆఫ్రికాలో యూదులకు స్థలం ఇచ్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, జియోనిస్ట్ ఉద్యమ నాయకుడు హెర్జల్ తరఫున ఒప్పందం ముసాయిదా తయారుచేసింది లాయిడ్ జార్జ్ న్యాయవాద సంస్థే. 1917లో విదేశాంగ మంత్రిగా ప్రకటనపై సంతకం చేసిన బాల్ఫోర్ అప్పుడు ప్రధాని. అంటే 1917లో నిర్ణయం తీసుకున్న ఇద్దరు ముఖ్యులకూ ఈ విషయం 14 ఏళ్ల ముందు నుంచే తెలుసు. బ్రిటిష్ మంత్రి హెర్బర్ట్ శామ్యూల్ పాలస్తీనా భవిష్యత్తుపై మంత్రివర్గానికి పత్రం ఇచ్చింది 1915 జనవరిలో. పులియబెట్టే పద్ధతిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చే పని మొదలైందే ఆ ఏడాది.

ఇక మనిషి సంగతి. వైజ్‌మన్ పుట్టింది 1874 నవంబరు 27న, పిన్స్క్ దగ్గర మోటల్ అనే చిన్న ఊళ్లో. అప్పుడది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు బెలారస్. 15 మంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి కలప వ్యాపారి. మానులు నరికించి తెప్పలుగా కట్టి నది మీదుగా బాల్టిక్ తీరానికి పంపేవాడు. యూదులు ఎక్కడ నివసించాలో, ఏ బడిలో ఎంతమంది చదవాలో రష్యా చక్రవర్తి (జార్) ప్రభుత్వం హద్దులు పెట్టిన కాలం అది. 1881 తర్వాత యూదులపై దాడులు పెరిగాయి. పదకొండేళ్ల వయసులో ఈ కుర్రవాడు తన గురువుకు హీబ్రూలో రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. యూదులు జియోనుకు (జెరూసలేంకు) మరలాలని, యూరప్ రాజ్యాలన్నీ చేతులెత్తేసినా ఇంగ్లండు దయ చూపుతుందని అందులో రాశాడు. ఉత్తరాన్ని భవిష్యవాణిగా చూపించడం కొందరికి అలవాటు. నేను దాన్ని అలా వాడను. ఆ ప్రాంతపు చదువుకున్న కుటుంబాల్లో ఇలాంటి మాటలు అప్పటికే తిరుగుతున్నాయనడానికి అది సాక్ష్యం, అంతే.

పిన్స్క్‌లో పాఠశాల చదువు అయ్యాక 1892లో జర్మనీ వెళ్లాడు. రష్యాలో విశ్వవిద్యాలయం సీటుకు యూదులకు కోటా ఉండడం దీనికి కారణం. ఒక యూదు వసతి పాఠశాలలో హీబ్రూ చెబుతూ డార్మ్‌స్టాట్‌లో చదివాడు, తర్వాత బెర్లిన్, ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్. అక్కడ 1899లో డాక్టరేట్. విషయం కర్బన రసాయనం, ముఖ్యంగా రంగులు. 1901లో జెనీవాలో అధ్యాపకుడయ్యాడు. రంగుల పేటెంట్ అమ్మిన డబ్బు కూడా తోడై చదువు, ఉద్యమం రెండూ సాగాయి.

జియోనిస్ట్ ఉద్యమంలో ఆయన హెర్జల్ శిష్యుడు కాదు, విమర్శకుడు. ఇది పరీక్ష పుస్తకాల్లో దాదాపు కనిపించని విషయం. 1897 ఆగస్టులో బాసెల్‌లో జరిగిన మొదటి జియోనిస్ట్ మహాసభకు ఆయన హాజరు కాలేదు. రెండోదానికి, అంటే 1898లో వెళ్లాడు. హెర్జల్ దారి పైనుంచి కిందికి: పాలస్తీనాను అప్పుడు ఏలుతున్న ఒట్టోమన్ సుల్తానుతోనో, ఏ చక్రవర్తితోనో ఒప్పందం కుదిరితే వలస తర్వాత నడుస్తుందని. తూర్పు యూరప్ నుంచి వచ్చిన వైజ్‌మన్ లాంటివారికి ముందు భాష, బడి, సంస్కృతి, ఊళ్లు కావాలి. 1901లో మార్టిన్ బూబర్, లియో మోట్జ్‌కిన్, బెర్తోల్డ్ ఫైవెల్‌తో కలిసి డెమోక్రటిక్ ఫ్రాక్షన్ అనే వర్గం ఏర్పరిచాడు. 1902లో యూదు విశ్వవిద్యాలయం కావాలని ఒక ప్రణాళిక ప్రచురించారు. ఆయన ఆలోచనకు పునాది వేసిన మనిషి అహద్ హాఆమ్. రాజ్యం కంటే సాంస్కృతిక కేంద్రం ముఖ్యమన్నది ఆ ఆలోచనాపరుడి వాదం.

1903లో ఆరో మహాసభలో తూర్పు ఆఫ్రికా ప్రతిపాదన వచ్చింది. "ఉగాండా పథకం" అంటారు గానీ ఆ భూమి ఇప్పటి కెన్యాలో ఉంది. పరిశీలక బృందాన్ని పంపాలా వద్దా అన్నదానికి అనుకూలంగా 295 ఓట్లు, వ్యతిరేకంగా 178 వచ్చాయి. రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో ఆ వసంతంలోనే యూదులపై జరిగిన హత్యాకాండ తర్వాత కూడా, రష్యా నుంచి వచ్చిన ప్రతినిధులే ఎక్కువగా దీన్ని వ్యతిరేకించారు. వాళ్లలో వైజ్‌మన్ ఒకడు. హెర్జల్ 1904 జులై 3న మరణించాడు. అదే ఏడాది వైజ్‌మన్ జెనీవా వదిలి మాంచెస్టర్ చేరాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ విలియం పెర్కిన్ ఇచ్చిన నేలమాళిగ గది ఆయన ప్రయోగశాల.

ఇక్కడే ఒక ముఖ్యమైన పరిచయం. 1906 జనవరి ఎన్నికల్లో బాల్ఫోర్ మాంచెస్టర్‌లో పోటీ చేస్తున్నాడు. అక్కడి కన్జర్వేటివ్ నాయకుడు, రంగుల కంపెనీ డైరెక్టర్ చార్లెస్ డ్రైఫస్ ఇద్దరినీ కలిపాడు. ఆఫ్రికాలో ఇస్తామంటే ఎందుకు వద్దన్నారని బాల్ఫోర్ అడిగితే, లండన్‌కు బదులు పారిస్ ఇస్తామంటే మీరు తీసుకుంటారా అని వైజ్‌మన్ ఎదురడిగాడట. లండన్ మా చేతిలోనే ఉంది కదా అని ఆయన అంటే, లండన్ ఇంకా చిత్తడి నేలగా ఉన్నప్పుడు జెరూసలేం మాకుండేదని ఈయన బదులు. ఈ సంభాషణ వైజ్‌మన్ తర్వాత రాసుకున్న జ్ఞాపకం. పదాలు అచ్చంగా ఇవేనని పట్టుబట్టనక్కర్లేదు, కలయిక మాత్రం జరిగింది. ఆ ఎన్నికలో బాల్ఫోర్ ఓడిపోయాడు. అదే ఏడాది వైజ్‌మన్ వైద్య విద్యార్థిని వేరాను పెళ్లాడాడు. 1907లో హేగ్ మహాసభలో రాయబారమూ, పాలస్తీనాలో చేతల పనీ రెండూ కలిపి నడపాలని వాదించాడు. ఆ తర్వాతే పాలస్తీనాను మొదటిసారి కళ్లారా చూశాడు. 1910లో బ్రిటిష్ పౌరుడయ్యాడు.

ఇప్పుడు బ్యాక్టీరియా సంగతి. మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదట్లో ఎవరూ ఎసిటోన్ కోసం వెతకలేదు. 1910 ప్రాంతంలో సహజ రబ్బరు ధర మండిపోతోంది. కృత్రిమ రబ్బరుకు ముడిసరుకుగా బ్యుటనాల్ అనే ఆల్కహాల్ కావాలి, దాన్ని పిండిపదార్థం పులియబెట్టి తీయవచ్చా అన్నది పరిశోధన. పెర్కిన్, పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఫెర్న్‌బాక్, ఒక బ్రిటిష్ కంపెనీ కలిసి నడిపిన ఆ పనిలో వైజ్‌మన్ చేరాడు. 1912లో వాళ్లతో తెగతెంపులయ్యాక సొంతంగా కొనసాగించి, అంతకంటే బాగా పనిచేసే ఒక బ్యాక్టీరియాను వేరుచేశాడు. దాన్నే తర్వాత క్లాస్ట్రిడియం అసిటోబ్యుటిలికమ్ అన్నారు. పేటెంట్ దరఖాస్తు 1915లో.

యుద్ధం వచ్చేసరికి అవసరం తలకిందులైంది. తుపాకీ గుండునూ ఫిరంగి గుండునూ తోసే మందు పేరు కార్డైట్. నౌకాదళం వాడిన ఎం.డి. రకంలో గన్‌కాటన్ 65 శాతం, నైట్రోగ్లిజరిన్ 30 శాతం, పెట్రోలియం జెల్లీ 5 శాతం. గన్‌కాటన్ అంటే ఎక్కువగా నైట్రేట్ చేసిన (నైట్రిక్ ఆమ్లంతో మార్చిన) పత్తి. అది పీచులాగే ఉండిపోతే మంట అదుపులో ఉండదు. ఎసిటోన్ పోసి పిసికితే అది జిగురు ముద్ద అవుతుంది. ఆ ముద్దను రంధ్రాల గుండా తీగలుగా లాగి ఆరబెడతారు, ఎసిటోన్ ఆవిరైపోతుంది. అంటే తుది సరుకులో ఎసిటోన్ ఉండదు. అది లేకుండా సరుకు తయారూ కాదు.

పాత పద్ధతిలో ఎసిటోన్ వచ్చేది చెక్క నుంచి. చెక్కను గాలి తగలకుండా కాల్చి, వచ్చిన పుల్లటి ద్రవాన్ని సున్నంతో కలిపి, ఆ కాల్షియం ఎసిటేట్‌ను వేడి చేసేవారు. టన్ను ఎసిటోన్‌కు 80 నుంచి 100 టన్నుల చెక్క పట్టేదని లెక్క. బ్రిటన్‌లో అంత అడవి లేదు, సరుకు ఎక్కువగా దిగుమతే.

వైజ్‌మన్ పద్ధతి తర్వాత పరిశ్రమలో స్థిరపడిన రూపంలో ఇలా సాగుతుంది:

మొక్కజొన్న పిండిని నీళ్లలో 8 నుంచి 10 శాతం కలిపి, ఆవిరి ఒత్తిడిలో 130 డిగ్రీల దగ్గర గంట నుంచి గంటన్నర ఉడికిస్తారు. ఇందులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: పిండి గంజిగా విచ్చుకుంటుంది, అందులోని ఇతర సూక్ష్మజీవులన్నీ చస్తాయి. తర్వాత 37 డిగ్రీల దాకా చల్లార్చి తోడు వేస్తారు. పాలు తోడుపెట్టినట్టే, తోడు బాగుంటేనే పని బాగుంటుంది. తోడును ఎండబెట్టి దాచిన స్పోర్ల (సిద్ధబీజాల) నుంచి తయారుచేస్తారు. ముందు వాటిని ఒకటి రెండు నిమిషాలు మరిగే వేడిలో ఉంచుతారు. బలహీనమైనవి చస్తాయి, గట్టివి మిగిలి చురుగ్గా మొలకెత్తుతాయి. పరీక్ష నాళిక నుంచి చిన్న సీసా, అక్కడి నుంచి పెద్ద సీసా, చిన్న ట్యాంకు, ఇలా మెట్లు మెట్లుగా పెంచుకుంటూ పోయి చివరి ట్యాంకులో నూటికి 2 నుంచి 4 వంతులు పోస్తారు.

పులియడానికి రెండు నుంచి మూడు రోజులు. మొదటి 18 గంటలూ ఆమ్లం పెరుగుతుంది. అవి బ్యుటిరిక్, ఎసిటిక్ ఆమ్లాలు. ఆ తర్వాత ఆమ్లం ఉన్నట్టుండి తగ్గడం మొదలై, ఆ ఆమ్లాలే ద్రావకాలుగా మారతాయి. ఈ మలుపు రాకపోతే ఆ ట్యాంకు పోయినట్టే. బుడగలుగా వచ్చే వాయువులో సుమారు 60 శాతం కార్బన్ డయాక్సైడ్, 40 శాతం హైడ్రోజన్. హైడ్రోజన్ అంత ఉందంటే నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

పులిసిన ద్రవంలో ద్రావకాలు మొత్తం కలిపి 2 శాతమే. బ్యుటనాల్ 1.3 శాతం దాటితే దాన్ని తయారుచేసిన బ్యాక్టీరియాకే విషమవుతుంది, అందుకే అక్కడితో ఆగిపోతుంది. బరువులో ఎసిటోన్, బ్యుటనాల్, ఇథనాల్ నిష్పత్తి 3:6:1. అంటే 100 లీటర్ల గంజికి 8 కిలోల పిండి వేస్తే వచ్చేది సుమారు 600 గ్రాముల ఎసిటోన్, 1200 గ్రాముల బ్యుటనాల్, 200 గ్రాముల ఇథనాల్. ఈ లెక్కన టన్ను ఎసిటోన్‌కు 13 టన్నుల మొక్కజొన్న. చెక్కతో పోలిస్తే తేడా మీకే కనిపిస్తుంది. చివరగా బట్టీ పట్టాలి. ఎసిటోన్ 56 డిగ్రీల దగ్గర, ఇథనాల్ 78 దగ్గర, బ్యుటనాల్ 118 దగ్గర మరుగుతాయి కాబట్టి మూడింటినీ విడదీయవచ్చు.

ఎక్కడ దెబ్బతింటుంది? ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ పడదు. వేడి ట్యాంకు చల్లారేటప్పుడు లోపలి ఆవిరి నీరై శూన్యం ఏర్పడుతుంది, ఏ కవాటం సందులోంచో బయటి గాలి లోపలికి వస్తుంది, దాంతో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చేరుతుంది. గంజి పుల్లబడుతుంది తప్ప ద్రావకం రాదు. అందుకే శుద్ధి చేసిన వాయువుతో లోపలి ఒత్తిడిని ఎప్పుడూ బయటికంటే కాస్త ఎక్కువగా ఉంచాలి. రెండోది, తోడును అదేపనిగా ఒకదాని నుంచి మరొకటిగా మారుస్తూ పోతే బ్యాక్టీరియా ద్రావకం చేసే శక్తి కోల్పోతుంది. మళ్లీ స్పోర్ల దగ్గరికి వెళ్లక తప్పదు. మూడోది, బ్యాక్టీరియాను తినే వైరస్‌లు. 1923లో అమెరికాలోని టెర్రె హోట్ ఫ్యాక్టరీ వీటి దెబ్బకు విలవిల్లాడింది. సారా బట్టీలకు ఈ స్థాయి శుభ్రత అలవాటు లేదు. ఈస్ట్ కాస్త కల్తీని తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు. వైజ్‌మన్ అసలు ఘనత ఇక్కడుందని నా అభిప్రాయం. బ్యాక్టీరియాను కనుక్కోవడం ఒక ఎత్తు. ఒక్క రకం బ్యాక్టీరియానే, మిగతావేవీ చొరబడకుండా, వేల గ్యాలన్ల ట్యాంకుల్లో పెంచి చూపించడం ఇంకో ఎత్తు. తర్వాత పెన్సిలిన్ లాంటి మందుల పరిశ్రమ నడిచింది ఇలాంటి క్రమశిక్షణ మీదే.

లండన్‌లోని బో ప్రాంతంలో నికల్సన్ జిన్ డిస్టిలరీలో ప్రయోగాత్మకంగా మొదలై, 1916 నుంచి డిస్టిలరీల్లో పెద్ద ఎత్తున ఉత్పత్తి సాగింది. నౌకాదళానికి డోర్సెట్‌లోని హోల్టన్ హీత్‌లో సొంత కార్డైట్ కర్మాగారం ఉంది. కెనడాలోని టొరంటోలో గుడర్‌హామ్ అండ్ వర్ట్స్ డిస్టిలరీనీ ఈ పనికి మళ్లించారు. 1917లో జర్మన్ జలాంతర్గాములు ఓడలు ముంచుతుంటే తినడానికే ధాన్యం కరవైంది. అప్పుడు బడి పిల్లలతో హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించి కింగ్స్ లిన్ ఫ్యాక్టరీకి పంపారు. ఆ కాయలతో పులియబెట్టడం సరిగా కుదరలేదు, 1918లో ఆపేశారు.

"ఎసిటోన్ బ్రిటన్‌ను కాపాడింది" అనే మాటకు ఇంకో సవరణ కూడా అవసరం. ఎసిటోన్ కొరత చూసి వూలిచ్ పరిశోధకులు ఆర్.డి.బి. అనే మరో రకం కార్డైట్ తయారుచేశారు. దానికి ఈథర్, ఆల్కహాల్ చాలు. గ్రెట్నాలోని భారీ కర్మాగారం చేసింది ఈ రకాన్నే, సైన్యానికి పెద్ద ఎత్తున వెళ్లిందీ ఇదే. ఎసిటోన్ కావాలని పట్టుబట్టింది నౌకాదళం. కాబట్టి వైజ్‌మన్ పని విలువైనదే, ఏకైక ఆధారం మాత్రం కాదు.

నౌకాదళ మంత్రిగా చర్చిల్ 30,000 టన్నుల ఎసిటోన్ కావాలని అడిగినట్టు వైజ్‌మన్ రాశారు. చర్చిల్ ఆ పదవి నుంచి 1915 మేలో దిగిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరో గమనించండి: బాల్ఫోర్. 1906 నాటి పరిచయం, 1914 డిసెంబరులో మళ్లీ కలిసిన పరిచయం, ఇప్పుడు ఉద్యోగ సంబంధం కూడా అయింది. లాయిడ్ జార్జ్ దగ్గరికి దారి వేసింది మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సి.పి. స్కాట్. ఆయనకు వైజ్‌మన్ 1914 సెప్టెంబరులోనే పరిచయం. అంటే తలుపులు తెరిచింది స్కాట్. ఎసిటోన్ వల్ల వైజ్‌మన్ లండన్‌లో మకాం పెట్టి, నౌకాదళ ప్రయోగశాలల డైరెక్టర్ హోదాలో ఆ తలుపుల్లోంచి మళ్లీ మళ్లీ వెళ్లగలిగాడు. మాంచెస్టర్‌లో 1913లో ఆశించిన ప్రొఫెసర్ పదవి దక్కి ఉంటే ఆయన అక్కడే ఉండిపోయేవాడేమో.

మరి ప్రకటన ఎందుకు వచ్చింది? బ్రిటన్‌కు 1917లో మూడు ఆందోళనలు. అమెరికా అప్పుడే యుద్ధంలోకి వచ్చింది, పూర్తి బలంతో కదలాలి. రష్యాలో విప్లవం, అది యుద్ధం మానేస్తుందేమోనన్న భయం. ఈ రెండు దేశాల్లోనూ యూదుల అభిప్రాయం తమవైపు తిరిగితే లాభమని లండన్ నమ్మింది. ఆ బలాన్ని చాలా ఎక్కువగా ఊహించుకుంది కూడా. జర్మనీ ముందుగా ఇలాంటి ప్రకటన చేస్తుందేమోనన్న అనుమానం దీనికి తోడు. ఇక సూయజ్ కాలువ పక్కన పాలస్తీనా. ఒట్టోమన్ భూములను పంచుకోవడానికి బ్రిటన్, ఫ్రాన్స్ రహస్యంగా చేసుకున్న 1916 సైక్స్-పికో ఒప్పందం దాన్ని అంతర్జాతీయ పాలన కింద ఉంచింది. ఫ్రాన్స్‌ను పక్కకు జరిపి తానే కూర్చోవడానికి బ్రిటన్‌కు ఒక సాకు కావాలి. బాల్ఫోర్, లాయిడ్ జార్జ్‌ల బైబిల్ పెంపకమూ వాళ్ల సానుభూతికి ఒక కారణం.

రాయబారంలో వైజ్‌మన్ ఒక్కడే లేడు. మరో జియోనిస్ట్ నాయకుడు నహూమ్ సొకొలోవ్‌ను తెలుగులో దాదాపు ఎవరూ తలచుకోరు, అది నాకు బాధ. పోప్‌ను కలిసిందీ, 1917 జూన్ 4న ఫ్రెంచి విదేశాంగ శాఖ నుంచి జూల్ కాంబో సంతకంతో సానుభూతి లేఖ సంపాదించిందీ ఆయనే. ఆ లేఖ లేకుండా బ్రిటన్ ఒంటరిగా ముందడుగు వేయడం కష్టమయ్యేది. అమెరికాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జియోనిస్ట్ అయిన బ్రాండైస్ ద్వారా అధ్యక్షుడు విల్సన్ సమ్మతి అక్టోబరులో వచ్చింది.

గట్టిగా అడ్డుపడింది మంత్రివర్గంలో ఉన్న యూదుడు ఎడ్విన్ మాంటేగ్. మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగే. భారత వ్యవహారాల మంత్రిగా ముస్లింల స్పందన గురించీ, బ్రిటిష్ యూదుడిగా "నీ దేశం పాలస్తీనా కదా" అని తనను రేపు పరాయివాడిగా చూస్తారనీ ఆయన భయం. ఆగస్టులో మంత్రివర్గానికి ఘాటైన పత్రం రాశాడు. అక్టోబరు 31న చివరి నిర్ణయం జరిగేనాటికి ఆయన భారతదేశం ప్రయాణంలో ఉన్నాడు. అయినా ఆయన పోరాటం ముసాయిదాను మార్చింది. జులైలో జియోనిస్టులు ఇచ్చిన పాఠంలో పాలస్తీనానే యూదుల జాతీయ నివాసంగా పునర్నిర్మించాలని ఉంది. తుదిపాఠంలో అది "పాలస్తీనాలో ఒక జాతీయ నివాసం" అయింది. రెండు షరతులు చేరాయి: అక్కడున్న యూదేతర సమాజాల పౌర, మత హక్కులకు భంగం రాకూడదు, ఇతర దేశాల్లోని యూదుల హక్కులకూ హోదాకూ భంగం రాకూడదు. 67 ఇంగ్లీషు పదాల ఆ పాఠం నవంబరు 2న బ్రిటిష్ యూదు ప్రముఖుడు లార్డ్ రాత్‌షైల్డ్‌కు లేఖగా వెళ్లింది, వైజ్‌మన్‌కు కాదు. సైక్స్-పికో ఒప్పందంలోని బ్రిటిష్ ప్రతినిధి మార్క్ సైక్స్ మంత్రివర్గ సమావేశం నుంచి బయటికి వచ్చి, ప్రకటన ఖాయమైందన్న అర్థంలో మగబిడ్డ పుట్టాడన్నప్పుడు తాను ఆశించిన బిడ్డ ఇతను కాదనిపించిందని వైజ్‌మన్ రాసుకున్నారు.

ఎసిటోన్ బేరమే నిజమైతే ఇన్ని ముసాయిదాలు, షరతులు, నెలల తరబడి వాదనలు ఎందుకు? నన్ను అడిగితే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే.

జవాబు రాసేటప్పుడు ఇంకో విషయం వదిలేయకండి. ఆ పాఠంలో "యూదేతర సమాజాలు" అని ఒక్క ముక్కలో తేల్చిన మనుషులు అక్కడి జనంలో అత్యధికులు. 1922 జనాభా లెక్కల్లో మొత్తం సుమారు 7,57,000 మందిలో యూదులు సుమారు 84,000. అంటే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అరబ్బులు. వాళ్లనెవరూ అడగలేదు. వాళ్ల పౌర, మత హక్కుల గురించి ఉంది గానీ రాజకీయ హక్కుల మాట లేదు. వైజ్‌మన్ 1919 జనవరి 3న ఎమిర్ ఫైజల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అరబ్బులకు స్వాతంత్ర్యం దక్కితేనే అది చెల్లుతుందని ఫైజల్ అరబ్బీలో చేత్తో షరతు రాశాడు. ఆ స్వాతంత్ర్యం రాలేదు, ఒప్పందమూ నిలవలేదు. పైగా ఫైజల్ హిజాజ్ రాకుమారుడు, పాలస్తీనా జనం ఎన్నుకున్న ప్రతినిధి కాదు. గొప్ప నేర్పుగల రాయబారి అయిన వైజ్‌మన్ మంత్రులను ఒప్పించినంత శ్రద్ధగా ఆ నేల మీది జనంతో మాట్లాడలేదు. ఆయన జీవితంలోని పెద్ద లోటు అదేనని నేను నమ్ముతాను.

తర్వాతి జీవితం త్వరగా చెబుతాను. 1918 జులైలో జెరూసలేంలోని స్కోపస్ కొండపై హీబ్రూ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన, 1925 ఏప్రిల్ 1న ప్రారంభం. 1902 నాటి ప్రణాళికకు అది రూపం. 1920 నుంచి 1931 దాకా, మళ్లీ 1935 నుంచి 1946 దాకా ప్రపంచ జియోనిస్ట్ సంస్థ అధ్యక్షుడు. 1921లో నిధుల కోసం ఐన్‌స్టీన్‌ను వెంటబెట్టుకుని అమెరికా తిరిగాడు. బ్రిటన్‌ను మరీ నమ్ముతున్నాడన్న ఆగ్రహంతో 1931లోనూ 1946లోనూ సొంతవాళ్లే పక్కన పెట్టారు. 1937లో బ్రిటన్ వేసిన పీల్ కమిషన్ పాలస్తీనాను యూదులకూ అరబ్బులకూ విభజించాలని సూచిస్తే చర్చకు ఆధారంగా ఒప్పుకున్నాడు. 1942లో చిన్న కొడుకు మైకేల్ బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తూ చనిపోయాడు. 1948 మార్చి 18న జబ్బుతో ఉండి కూడా అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను కలిశాడు. మే 14న ఇజ్రాయెల్ ప్రకటన వెలువడినప్పుడు న్యూయార్క్‌లో ఉన్నాడు, ఆ పత్రంపై ఆయన సంతకం లేదు. 1949 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడయ్యాడు. అధికారమంతా ప్రధాని బెన్ గురియన్ దగ్గర ఉండేది. 1952 నవంబరు 9న రెహోవోత్‌లో కన్నుమూశాడు.

మీ చివరి అనుమానం, ఎసిటోన్‌కు ఆయనకు ఏమీ ముట్టలేదా అని. ముట్టింది. ఆవిష్కర్తలకు పరిహారం ఇచ్చే బ్రిటిష్ రాయల్ కమిషన్ యుద్ధం తర్వాత 10,000 పౌండ్లు ఇచ్చింది. అంతకంటే పెద్ద రాబడి అమెరికా నుంచి. యుద్ధకాలంలో ఎసిటోన్‌కు రెట్టింపు వచ్చి పనికిరాకుండా పడి ఉన్న బ్యుటనాల్‌కు, 1920లలో కార్ల మీద త్వరగా ఆరే లక్కరు రంగులు వచ్చాక గిరాకీ పెరిగింది. కమర్షియల్ సాల్వెంట్స్ కార్పొరేషన్ పేటెంట్ హక్కులు తీసుకుని రాయల్టీ చెల్లించింది. ఆ పేటెంట్ చెల్లదని వాదించినవాళ్లు 1926లో లండన్ కోర్టులో ఓడిపోయారు. జీతం కోసం ఎవరి దగ్గరా చేయిచాచకుండా ఆయన ఏళ్ల తరబడి ఉద్యమంలో తిరగగలిగింది ఆ రాయల్టీ ఆసరాతోనే. కాబట్టి మీ జవాబులో ఎసిటోన్‌కూ జియోనిజానికీ సంబంధం చూపించాలనుకుంటే ప్రకటన దగ్గర కాకుండా ఇక్కడ చూపించండి.